ఆటలో అరటిపండు ఎవరు?

లెక్కల టీచరు: ఎనిమిదో తరగతి డ్రిల్లు పీరియడులో డిస్క్ విసురుకుంటూ ఆడే అల్టిమేట్ ఫ్రిస్బీ నేర్పిద్దామంటున్నాను మాస్టారూ. కారణం ఒక్కటే. ఎనిమిదికి వచ్చేసరికే మన బళ్ళో ఎవరు ఆడేవాళ్ళో, ఎవరు చూసేవాళ్ళో తేలిపోయి ఉంటుంది. కబడ్డీ కోర్టులో పద్నాలుగు మంది, గోడవారన మిగతా తరగతంతా. అన్నయ్య వెంట తిరిగి కూత పట్టడం నేర్చినవాడు, పెద్దవాళ్ళ వాలీబాల్ కోర్టు పక్కన బంతులు అందిస్తూ పెరిగినవాడు బడికి రాకముందే సగం ఆటగాడు. ఆ వీలు లేని పిల్లల్ని ఆటలో అరటిపండు చేసేస్తాం. ఊళ్ళో ఎవరికీ తెలియని ఆట పెడితే మొదటిరోజు అందరూ ఒకే గీత మీద నిలబడతారు. చదువుకునే రోజుల్లో ఒక్కసారైనా ఆ గీత మీద నిలబడే హక్కు ప్రతి బిడ్డకీ ఉంది.

డ్రిల్లు మాస్టారు: గోడవారన నిలబడ్డవాళ్ళు మీకు కనబడటం మంచిదే. కానీ ఆ జబ్బు కబడ్డీది కాదు, ఆటను మనం నడిపే పద్ధతిది. పద్ధతి మార్చకుండా ఆట మారిస్తే కొత్త ఆట చుట్టూ కూడా అదే గోడ లేస్తుంది. మీరు చెప్పే గీత ఎన్నాళ్ళుంటుంది? పరుగెత్తగలవాడు డిస్క్ కోసమూ పరుగెత్తుతాడు, పొడుగ్గా ఉన్నవాడు డిస్క్‌నీ పైనే అందుకుంటాడు. రెండు వారాలు గడిస్తే పాత వరసే మళ్ళీ తేలుతుంది. ఈలోగా మనం వదులుకునేది తక్కువేం కాదు. కబడ్డీకి, ఖోఖోకి సున్నం గీతలు చాలు. ఆడవాళ్ళ కబడ్డీ కోర్టు పన్నెండు మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు. మీ ఆటకు నిబంధనల ప్రకారం వంద మీటర్ల పొడవు, ముప్పై ఏడు మీటర్ల వెడల్పు కావాలి. అంత స్థలం ఎన్ని బళ్ళకుంది? అంతస్తుల భవనాల్లో నడిచే ప్రైవేటు బళ్ళకు అసలు మైదానమే లేదు.

లెక్కల టీచరు: మైదానం సంగతి నిజమే, తగ్గించుకుని ఆడాల్సిందే. పాత వరస తిరిగి తేలుతుందన్నదీ కొంతవరకు ఒప్పుకుంటాను. అయితే ఈ ఆట నియమాలు ఆ వరసను తేలిగ్గా తేలనివ్వవు. జట్టుకు ఏడుగురు. డిస్క్ చేతికొచ్చినవాడు పరుగెత్తకూడదు, ఒక కాలు నేలకు ఆనించి నిలబడాలి. ఎదుట కాపలా కాసేవాడు పది లెక్కపెట్టేలోగా ఇంకొకరికి విసరాలి. కింద పడితే డిస్క్ అవతలి జట్టుది. అవతలి కొసన గీసిన గడిలో మనవాడు అందుకుంటేనే పాయింటు. ఎంత వేగమున్నా ఒంటరిగా ఏమీ చేయలేడు. కబడ్డీలో మంచి కూతగాడొక్కడు ఆట మొత్తం తిప్పేయగలడు, మిగతా ఆరుగురూ చూస్తూ గెలుస్తారు. ఇక్కడ అది కుదరదు. పైగా ఒకరినొకరు తాకకూడదు. అందుకే ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడొచ్చు. 2001 నుంచి వరల్డ్ గేమ్స్‌లో ఈ ఆటను మిశ్రమ జట్లతోనే ఆడుతున్నారు. పెద్దమనిషైన పిల్లను కబడ్డీ మాన్పించే ఇళ్ళు మీరూ చూశారు. ఆ ఇళ్ళు కాదనలేని ఆట ఒకటి ఉండాలి.

డ్రిల్లు మాస్టారు: ఇంట్లోవాళ్ళు కాదనకపోవడం ఒక ఎత్తు, ఆడపిల్ల చేతికి డిస్క్ రావడం ఇంకో ఎత్తు. మిశ్రమ జట్టులో ఆమె ఖాళీగా నిలబడి చెయ్యెత్తినా మగపిల్లలు మగపిల్లలకే విసురుతారు. 1902లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నికో బ్రూఖుయ్‌సెన్ అనే బడిపంతులు కోర్ఫ్‌బాల్ తయారుచేసినప్పుడు ఈ సంగతి ఆలోచించాడు. జట్టులో ఆడా మగా సమానంగా ఉండాలని, ఆడపిల్లకు ఆడపిల్లే, మగపిల్లవాడికి మగపిల్లవాడే అడ్డుపడాలని నియమం రాశాడు. మీ ఆటలో ఎంతమంది ఆడవాళ్ళు దిగాలో నియమం ఉంది గాని, వాళ్ళకు విసరాలనే నియమం లేదు. కబడ్డీ చూడండి. ఎదుట ఏడుగురున్న కోర్టులోకి ఒక్కర్తే కూతపెడుతూ వెళ్ళి, ముట్టుకుని, గీత దాటి వచ్చిన పిల్లకు వచ్చే ధైర్యాన్ని ఎవరూ పంచి ఇవ్వనక్కర్లేదు. ఆసియా క్రీడల్లో 2010లో మహిళల కబడ్డీ మొదలైంది. ఆ ఏడూ, 2014లోనూ, మళ్ళీ 2023లో హాంగ్‌జౌలోనూ బంగారం మన అమ్మాయిలదే. వాళ్ళు సున్నం గీతల మీద మొదలైనవాళ్ళు. ఇళ్ళు కాదంటే ఇళ్ళకు వెళ్ళి మాట్లాడాలి, ఆట మార్చకూడదు.

లెక్కల టీచరు: ఇళ్ళకు వెళ్ళి మాట్లాడటం మీరు చేశారు, నాకు తెలుసు. విసరడం గురించి మీరన్నదీ సరే. బడి వరకు మనమే ఒక నియమం పెట్టుకోవచ్చు, ఆడపిల్ల చేతి మీదుగా సాగని పాయింటు లెక్కకు రాదని. అసలు నేను ఈ ఆట దగ్గర ఆగిపోవడానికి కారణం వేరే ఉంది. దీనికి రిఫరీ లేడు. ప్రపంచ పోటీల్లో కూడా తీర్పరి ఉండడు, సలహాదారులున్నా తీర్పు వాళ్ళది కాదు. నన్ను తోశాడనుకున్న పిల్లే ఫౌల్ అంటుంది. తోసినవాడు ఒప్పుకుంటే సరి, కాదంటే డిస్క్ విసిరినవాడి చేతికే తిరిగి వెళ్ళి ఆట అక్కడి నుంచి సాగుతుంది. ఆట అయ్యాక ఒక జట్టు ఇంకో జట్టుకు మార్కులు వేస్తుంది. నియమాలు తెలుసా, ఒళ్ళు తగలకుండా ఆడారా, న్యాయంగా ఉన్నారా, నిగ్రహం పాటించారా, మాట తీరెలా ఉంది అని అయిదు అంశాలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు వరకు. మిగతా ఆటల్లో మన పిల్లలు నేర్చుకునేదేమిటి? మాస్టారు చూడకపోతే తొండి తప్పు కాదని. తనకు నష్టమని తెలిసీ అవును, నేనే తోశాను అని పదమూడేళ్ళ పిల్లవాడు చెప్పడం నా లెక్కల క్లాసులో నేర్పలేను. దానికి మైదానం కావాలి.

డ్రిల్లు మాస్టారు: ఇక్కడే నాకు గట్టి అభ్యంతరం. ఈల బలహీనుడికి రక్షణ టీచరు గారూ. ఈల తీసేస్తే న్యాయం మిగలదు, గొంతు మిగులుతుంది. ఊళ్ళో మాట చెల్లే ఇంటి పిల్లవాడు ఫౌల్ కాదంటాడు. వాళ్ళ పొలంలో కూలికెళ్ళే ఇంటి పిల్లవాడు పోనీలే అంటాడు. ఆ పోనీలే మంచితనం కాదు, భయం. వాళ్ళిద్దరూ సమానంగా నిలబడే చోటు ఊరంతా వెతికినా నా కోర్టు ఒక్కటే, ఎందుకంటే అక్కడ ఎవరి మాటా చెల్లదు, నా ఈలే చెల్లుతుంది. ఇంకో సంగతి. ఆట పుట్టిన అమెరికాలోనే 2012లో డబ్బు పెట్టి వృత్తి లీగు మొదలెట్టినవాళ్ళు చేసిన పనేమిటి? రిఫరీలను పెట్టుకున్నారు. గెలుపు విలువ పెరిగేసరికి నమ్మకం ఒక్కటే సరిపోలేదు.

లెక్కల టీచరు: ఆ లీగులోనే ఇంకో నియమం కూడా ఉంది మాస్టారూ. రిఫరీ తనకు అనుకూలంగా తీర్పిచ్చినా, అది తప్పని తెలిసిన ఆటగాడు దాన్ని అవతలి జట్టు వైపు మార్చమని చెప్పొచ్చు, ఆ మాటే చెల్లుతుంది. డబ్బొచ్చాక కూడా ఆ తలుపు మూయలేదు. కూలివాళ్ళ పిల్లవాడి గురించి మీరన్నది మాత్రం నన్ను పట్టుకుంది. దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. ఈ ఆటలో వాడు వాదించి గెలవక్కర్లేదు, కాదు అన్న ఒక్క మాట చాలు. ఆ మాటతో పెద్దింటి పిల్లవాడి పాయింటు ఆగిపోతుంది, డిస్క్ వెనక్కెళుతుంది. ఆ ఒక్క మాటా అనలేడంటారు మీరు. మరి ఎప్పుడు అంటాడు? మీ ఈల ఉన్నంతసేపు వాడి తరపున మీరు అంటారు. బడి దాటాక వాడి వెనక ఈల ఉండదు. కాదనడం ఎక్కడో ఒకచోట అలవాటు కావాలి, ఓడిపోతే ఒక డిస్క్ తప్ప ఏమీ పోని చోట అయితే మంచిది.

డ్రిల్లు మాస్టారు: అలవాటయ్యేదాకా రోజూ నోరు మూసుకోవడమే వాడికి అలవాటవుతుందని నా భయం. మొదట్లో నేనూ మైదానంలో ఉండి, వాడి మాటకు బలం వచ్చాక పక్కకు తప్పుకోవాలంటే అది వేరే సంగతి, ఆలోచించదగ్గదే. కానీ మీరు డిస్క్ తప్ప ఏమీ పోదన్నారు చూడండి, అక్కడ మనం విడిపోతాం. నా పిల్లలకు ఆటలో పోయేది చాలా ఉంది, వచ్చేదీ చాలా ఉంది. స్కూల్ గేమ్స్‌లో మండలం, జిల్లా, రాష్ట్రం అని వరసగా మెట్లున్నాయి. పైకెళ్ళిన పిల్లకు సర్టిఫికెట్ ఉంటుంది, స్పోర్ట్స్ స్కూల్ సీటుకు దారి ఉంటుంది, ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా ఉంటుంది. అయిదెకరాలు, అండగా నిలిచే మేనమామ ఉన్న ఇంటికి ఇవి చిన్న విషయాలు కావచ్చు. ఏమీ లేని ఇంటికి ఆ కాగితమే ఆస్తి. కూత బాగా పట్టే పిల్లను తీసుకెళ్ళి డిస్క్ విసరమంటే, దాని మీద ఆమెకు ఏ కాగితం ఇప్పిస్తారు?

లెక్కల టీచరు: ఆమెకు ఏమీ ఇప్పించలేను. ఒప్పుకుంటాను. కానీ ఆమె లాంటివాళ్ళు తరగతిలో ఎందరు? ఒకరో ఇద్దరో. వాళ్ళ దారికి అడ్డుపడమని కాదు, మిగతావాళ్ళకు ఆ పీరియడులో ఏముందని అడుగుతున్నాను. పైగా తెలియని ఆటకు దారి ఉండదని ముందే తేల్చకండి. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివే ఆదివాసీ పిల్లలకు ఒకప్పుడు రగ్బీ పేరైనా తెలియదు. నేర్చుకున్న కొద్దికాలానికే 2007లో లండన్ వెళ్ళి పద్నాలుగేళ్ళలోపు బడి జట్ల అంతర్జాతీయ పోటీ గెలిచి వచ్చారు. మన దగ్గరే 2014లో గురుకులంలో చదివే మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది. పర్వతారోహణ ఆ పిల్ల ఊరికి తెలిసిన విద్యా? ఇక ఊరూరా సాయంత్రమయితే రెండు గుంజల మధ్య వల కట్టి ఆడే వాలీబాల్ మనదా? 1895లో అమెరికాలోని హోలియోక్ అనే ఊళ్ళో వైఎంసీఏలో విలియం మోర్గన్ కనిపెట్టాడు. ఇప్పుడది మన ఊరి ఆట కాదని ఎవరనగలరు? ఎవరో ఒకరు మొదటిసారి తెచ్చారు గదా.

డ్రిల్లు మాస్టారు: ఎవరో ఒకరు తేలేదు, అదే నేను చెప్పేది. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాడు. అక్కడ తర్ఫీదైనవాళ్ళు బళ్ళల్లో చేరారు, వాళ్ళు నేర్పినవాళ్ళు ఇంకొన్ని బళ్ళల్లో చేరారు. వాలీబాల్ వెనక అలాంటి సంస్థలున్నాయి, మనుషులున్నారు, ఏళ్ళున్నాయి. భువనేశ్వర్‌లోనూ అంతే. అది పిల్లలకు తిండీ వసతీ చదువూ ఉచితంగా ఇచ్చే పెద్ద గురుకులం, కోచ్‌లు వాళ్ళతోనే ఉన్నారు. పూర్ణను ఎంతోమందిలోంచి ఎంపికచేసి భువనగిరి గుట్ట మీద, ఆ తర్వాత హిమాలయాల్లో తర్ఫీదిచ్చారు. మన దగ్గర ఉన్నది వారానికి రెండు పీరియడ్లు, అవీ సిలబస్ మిగిలిపోతే లెక్కలకో సైన్సుకో పోతాయి. మీరు బదిలీ మీద వెళ్ళిపోయిన రోజు ఈ ఆట ఏమవుతుంది? ఏ బడి స్టోర్ రూమ్ తలుపు తీసినా కనబడుతుంది, ఎవరో ఉత్సాహంగా కొని వెళ్ళిపోయిన హాకీ కర్రలు, టెన్నికాయిట్ రింగులు. పిల్లలకు మధ్యలో ఆగిపోయిన ఆట ఇవ్వడం కన్నా అసలు ఇవ్వకపోవడం నయం.

లెక్కల టీచరు: బదిలీ ప్రశ్నకు భయపడుతూనే వచ్చాను. నా వాదనలో అన్నిటికన్నా పలచని చోటు అదే. అయినా ఈ ఆట పుట్టుక చూస్తే నాకు కొంత ధైర్యం. 1968లో న్యూజెర్సీలోని మేపుల్‌వుడ్‌లో కొలంబియా హైస్కూల్ పిల్లలు దీన్ని తయారుచేశారు. విద్యార్థి సంఘంలో ప్రతిపాదన పెట్టింది జోయెల్ సిల్వర్ అనే కుర్రాడు, తరవాత పెద్ద సినిమా నిర్మాత అయ్యాడు. బడి పార్కింగ్ స్థలంలో ఆడుకున్నారు. 1970లో పక్క బడితో మొదటి పోటీ ఆడారు. కాలేజీలకు వెళ్ళినవాళ్ళు ఆటను వెంట తీసుకెళ్ళారు. రిఫరీ అక్కర్లేని ఆటకు పెద్దవాళ్ళ కాపలా కూడా అంతగా అక్కర్లేదు. చెన్నై బీచ్‌లో మత్స్యకార కుటుంబాల పిల్లలూ కంపెనీ ఉద్యోగులూ ఒకే జట్టులో ఆడుతున్నారు. దాని మీద తీసిన ‘175 గ్రామ్స్’ అనే లఘుచిత్రం 2015లో సన్‌డాన్స్ చిత్రోత్సవం దాకా వెళ్ళింది. డిస్క్ బరువే దానికి పేరు. అక్కడ ఏ శాఖా ఉత్తర్వు ఇవ్వలేదు.

డ్రిల్లు మాస్టారు: ఉత్తర్వు లేదు, నగరం ఉంది. డిస్క్ పోతే ఇంకోటి కొనగలవాడు జట్టులోనే ఉన్నాడు. మన మండలంలో డిస్క్ పగిలితే అది మళ్ళీ వచ్చేదాకా ఆట ఆగిపోతుంది. అదలా ఉంచి, మీకు కావలసింది కొత్త ఆట లేకుండానే ఎందుకు రాదో చెప్పండి. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తయారుచేసిన ఫుట్‌బాల్ జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది. ఆయన అలవాటు లేని కాలితోనే ఆడాలనే పోటీలు పెట్టేవాడు, ఒక్కడే బంతిని నడిపించుకుపోకూడదనే పోటీలూ పెట్టేవాడు. తెలిసిన ఆటలోనే అందరినీ కొత్తవాళ్ళను చేశాడు. నేనూ అలాగే చేస్తాను. ప్రతి ఒక్కరూ ఒకసారైనా కూతకు వెళ్ళాలని, వెళ్ళినవాళ్ళే మళ్ళీ వెళ్ళకూడదని నియమం పెడతాను. ఖోఖోలో కూర్చున్న ఎనిమిది మందికీ ఖో అందాలంటాను. మీకు కావలసిన సమానత్వమూ వస్తుంది, పిల్లల చేతుల్లో మండల పోటీలకు పనికొచ్చే ఆటా మిగులుతుంది. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో మొదటి ప్రపంచకప్ జరిగింది, పురుషులదీ మహిళలదీ రెండూ మనమే గెలిచాం. ఇప్పుడా ఆ ఆటను పక్కన పెట్టడం?

లెక్కల టీచరు: ఇది నేను ఊహించని జవాబు. చాలామేరకు సరైనదే. మీరు ఆ నియమాలు ఈ వారమే పెడితే సంతోషిస్తాను. కానీ ఒక చిక్కు మిగులుతుంది. తెలిసిన ఆటలో నియమం మారిస్తే, అసలు కబడ్డీ ఇది కాదని పిల్లలకు తెలుసు. అసలుది సాయంత్రం గుడి వెనక ఖాళీ స్థలంలో జరుగుతుంది, అక్కడ పాత కూతగాళ్ళే వెళతారు. ఇది మాస్టారు చెప్పారు గనక ఆడే ఆట అవుతుంది. చేతకానివాడి కోసం నియమం మార్చారన్న సంగతి ముందుగా ఆ చేతకానివాడికే తెలుస్తుంది. కొత్త ఆటకు పోల్చిచూసే అసలు ఆట వేరే లేదు. డిస్క్ తిన్నగా పోకపోవడం అందరికీ సమానంగా మామూలే. ఆ మామూలుతనం మీ నియమాలు ఇవ్వలేవు.

డ్రిల్లు మాస్టారు: ఇవ్వలేవు, ఒప్పుకుంటున్నాను. అయితే మీ ఆట కూడా ఒక్కసారే ఇవ్వగలదు. వచ్చే ఏడు ఎనిమిదికి వచ్చే పిల్లలు ఈ ఏడాదంతా మైదానం పక్కన నిలబడి చూస్తారు. వాళ్ళ అన్నయ్యలకు డిస్క్ తిన్నగా విసరడం వచ్చి ఉంటుంది. వాళ్ళలో కూడా ఎనిమిదికి రాకముందే సగం ఆటగాళ్ళు తయారవుతారు. మీ వాదన ప్రకారమే, సమానంగా మొదలయ్యే గీత ఒక్క తరగతితో చెరిగిపోతుంది. ఇక ఏటా ఒక కొత్త ఆట తెస్తారా?

లెక్కల టీచరు: తేవలసివస్తే తేవాలేమో. మీరడిగాక నా కోరిక నాకే ఇంకొంచెం స్పష్టమైంది. నేను నేర్పమనేది ఫ్రిస్బీ కాదు. తరగతిలో అందరితోపాటు ఏమీ రాని స్థితి నుంచి మొదలుపెట్టడం ఎలా ఉంటుందో ప్రతి బిడ్డకూ తెలియాలి. ఎప్పుడూ ముందుండేవాడికి వెనకబడటం తెలియాలి, ఎప్పుడూ వెనకుండేవాడికి ఆ వెనకబాటు తన ఒంట్లో పుట్టింది కాదని తెలియాలి. ఒక ఏడు ఫ్రిస్బీ, ఇంకో ఏడు కోర్ఫ్‌బాల్, మరో ఏడు హ్యాండ్‌బాల్. బళ్ళు తెరిచింది మొదలు దసరా సెలవుల దాకా ఇవ్వండి. తరవాత కబడ్డీ, ఖోఖో మీ ఇష్టం.

డ్రిల్లు మాస్టారు: ఏ ఆటా చేతికి పట్టేదాకా ఉండదన్నమాట. రుచి తగిలేలోగా విస్తరి తీసేస్తే పిల్లలకు మిగిలేదేమిటి? ఒక ఆటతో ఏళ్ళ తరబడి కాపురం చేస్తేనే ఒంటికి పట్టుదల వస్తుంది, ఓటమి తట్టుకోవడం వస్తుంది. రోజుకో కొత్తది రుచి చూపించే పని ఫోన్లు చేస్తూనే ఉన్నాయి. పైగా మీరు అడిగిన నెలలు చూడండి. ఎంపికలకు తయారయ్యేది అప్పుడే. ఆ కూతపట్టే పిల్లకు ఏడాది మొత్తంలో పనికొచ్చే కాలం అదే. తరగతిలో ఎక్కువమందికి ఒక అనుభవం కావాలని మీరంటున్నారు, దానికి ఇద్దరి దారిని ఇమ్మంటున్నారు. ఇచ్చేవాళ్ళను అడిగారా?

లెక్కల టీచరు: అడగాలి, న్యాయమే. కానీ ఆ ఇద్దరి దారి కోసం మిగతావాళ్ళు ఇన్నేళ్ళుగా తమ పీరియడు ఇస్తూనే ఉన్నారు మాస్టారూ. వాళ్ళనూ ఎవరూ అడగలేదు. అది వాళ్ళు ఇస్తున్నదని కూడా మనం అనుకోలేదు, వాళ్ళకు ఆట రాదని రాసుకున్నాం.

డ్రిల్లు మాస్టారు: అయితే ఆట సంగతి తేల్చకముందే ఒక పని చేద్దాం. నెలరోజులు డ్రిల్లు పీరియడులో ఎవరు ఆడారో, ఎవరు గోడవారన నిలబడ్డారో పేరుపేరునా రాద్దాం. నా నియమాలు పెట్టి చూస్తాను. గోడవారన ఎవరూ మిగలకపోతే మీ డిస్క్ అవసరం లేదని మీరు ఒప్పుకోవాలి.

లెక్కల టీచరు: రాద్దాం. అయితే వాళ్ళు కోర్టులోకి వచ్చారా అన్నది ఒక్కటే రాస్తే నేను ఒప్పుకోను. వచ్చాక వాళ్ళను ఎవరైనా నమ్మి ఆటలో కలుపుకున్నారా అన్నది కూడా రాయాలి. ఎవరూ గోడవారన లేకుండానే సగంమంది అరటిపండ్లుగా మిగలొచ్చు.

డ్రిల్లు మాస్టారు: రాస్తాను. మీరూ ఒకటి రాయండి. ఆ కూతపట్టే పిల్ల దసరా దాకా డిస్క్ విసిరి, ఎంపికలో ఒక్క పాయింటు తేడాతో ఆగిపోతే ఆమెకు ఏం చెబుతారో ఇప్పుడే రాసిపెట్టండి. ఆ జవాబు ఆమె ఎదుట నిలబడి చదవగలనని మీకు అనిపించిన రోజు స్టోర్ రూమ్ తాళం నేనే తీస్తాను.